రేజరు కొనేముందు మర విప్పి చూడండి

స్టీలు బిందె కొనాలంటే వేలితో కొట్టి మోత వింటాం. మూకుడు కొనాలంటే అడుగు మందం చూస్తాం. మగవాళ్ళ చెంపల మీద తిరిగే రేజరు దగ్గరికొచ్చేసరికి మాత్రం, సామాన్ల చీటీ చివర ‘రేజరు ఒకటి’ అని రాసి ఊరుకుంటాం. మెరుస్తోంది కదా, స్టీలే అయివుంటుందిలే అనుకుంటాం. ఆ మెరుపు కింద ఏముందో తెలుసుకుంటే, చదువుకోసమో ఉద్యోగం కోసమో ఊరు విడిచి వెళ్ళే అబ్బాయి పెట్టెలో పెట్టే రేజరు ఏళ్ళ తరబడి నిలుస్తుంది. లేకపోతే నాలుగు రోజులకే మళ్ళీ కొనాలి.

నేను చెప్పేది పాతరకం సేఫ్టీ రేజరు గురించి. పిడి తిప్పితే తల ఊడుతుంది, మధ్యలో రెండంచుల బ్లేడు పెడతాం, అదీ. అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్ అనే ఆయన కంపెనీ 1903లో అమ్మింది 51 రేజర్లే. మరుసటి ఏడాదికే అవి తొంభై వేలు దాటాయి. పిడి ఒకసారి కొనాలి, బ్లేడు మాత్రమే మార్చుకోవాలి అన్నదే ఇందులోని కిటుకు. మరి పిడి నిలవాలి కదా! అందుకే లోహం సంగతి.

ఇత్తడి: వెనకటి మంచి రేజర్లు చాలావరకు ఇత్తడివే, పైన నికెల్ పూత. ఇత్తడికి ఇనుములా తుప్పు పట్టదు, మర గట్టిగా ఉంటుంది. మా మామగారి నాటి రేజరు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పూత అరిగి పిడి పచ్చగా తేలింది గానీ, మర మాత్రం బిగుతుగానే తిరుగుతుంది.

జింకు మిశ్రమం: ఇప్పుడు చవకగా దొరికే వాటిలో ఎక్కువ ఇవే. జింకులో కాస్త అల్యూమినియం కలిపి, కరిగించి అచ్చులో పోస్తారు. పైన క్రోమియం పూత. పూత బాగున్నంతకాలం ఇబ్బంది లేదు. ఒకచోట లేచిందంటే నీళ్ళు లోపలికి దిగి గుంటలు పడతాయి. స్నానాల గది బండ మీద జారిపడితే తలకున్న మర మొదలంటా విరగవచ్చు. జాగ్రత్తగా ఆరబెట్టి వాడేవాళ్ళకు ఇదీ చాలా ఏళ్ళు వస్తుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు: దీనికి పూతే అక్కర్లేదు, లేచిపోతుందన్న బెంగా లేదు. 304 రకం అంటే మన గిన్నెల మీద 18/8 అని ఉంటుందే, అదే: 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్. 316 రకంలో మాలిబ్డినం కూడా కలుపుతారు, ఉప్పు నీళ్ళకు ఇంకా బాగా ఓర్చుకుంటుంది. ఈ స్టీలును కోసి మలచడం కష్టం, అందుకే ధర ఎక్కువ.

అల్యూమినియం: స్టీలు బరువులో మూడో వంతే. చాకలి సోడా తగిలితే పాడవుతుంది, మర త్వరగా అరుగుతుంది. టైటానియం కూడా తేలికే, గట్టిది కూడా. కానీ ఆ ధర పెట్టాల్సిన అవసరం మన ఇళ్ళలో లేదు.

కొట్లో ఎలా గుర్తుపట్టాలి? తల విప్పి మర లోపలికి చూడండి. పచ్చగా కనిపిస్తే ఇత్తడి. మసక బూడిద రంగైతే జింకు అయివుండవచ్చు. లోపలిదాకా పూత ఉంటే పెట్టె మీద రాసింది చదవండి. అయస్కాంతం పరీక్ష ఇక్కడ నమ్మడానికి లేదు: ఇత్తడి అంటదు, జింకు అంటదు, 304 స్టీలు కూడా సాధారణంగా అంటదు.

ఇంకొకటి. ఖరీదైన లోహమైతే గడ్డం నున్నగా వస్తుందనుకోకండి. కోసేది బ్లేడు. తల వంపు, బ్లేడుకూ అంచుకూ మధ్య సందు, చేతికి తగిన బరువు, ఇవే ముఖ్యం. మా పక్కనే బయ్యారం కొండల్లో ఇనుపరాయి ఉంది. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో పూర్వం చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. అంతటి ఉక్కయినా తడి తగిలితే తుప్పు పట్టేదే. 1913లో ఇంగ్లండులో హ్యారీ బ్రియర్లీ క్రోమియం కలిపి తుప్పు పట్టని ఉక్కు చేశాడు. నేటి స్టెయిన్‌లెస్ బ్లేడులో దాదాపు 13 పాళ్ళు క్రోమియమే. దాని అంచును తువ్వాలుతో తుడవకండి, మొద్దుబారుతుంది, వేలూ తెగుతుంది. నీళ్ళు విదిలిస్తే చాలు.

బోరు నీళ్ళకు రేజరు మీద తెల్లటి పొర కడుతుంది. గోరువెచ్చని సబ్బునీళ్ళు, పాత టూత్‌బ్రష్షు చాలు. ఇత్తడి కదా అని పూత ఉన్నదాన్ని చింతపండు, బూడిద పెట్టి తోమితే పూత పోతుంది. జింకుదాన్ని నిమ్మరసంలో నానబెట్టకండి, పులుపు జింకును తినేస్తుంది. నికెల్ పడని ఒంటికి పూత లేచిన రేజరుతో దురద రావచ్చు.

ఏ లోహమైనా సరే, ఎవరి రేజరు వాళ్ళదే. తండ్రీకొడుకులైనా, మనం వాడుకునేదైనా అంతే. కంటికి కనపడని రక్తపు చుక్కతో హెపటైటిస్-బి వంటి జబ్బులు అంటుకుంటాయి. తిరుమల కల్యాణకట్టలో టోకెనుతో పాటు బ్లేడు చేతికిస్తారు కదా, ఇంట్లోనూ ఆ పద్ధతే పాటిద్దాం.

డబ్బు చూసుకుని కొనేవాళ్ళకు నా మాట: దొరికితే ఇత్తడి. చేతిలో ఇంకాస్త ఉంటే స్టీలు. అంత వీలు కాకపోతే జింకుదే కొని, కింద పడకుండా, తడి నిలవకుండా చూసుకోండి.

వాడేసిన బ్లేడును మాత్రం చెత్తబుట్టలో వేయకండి. పాత పౌడరు డబ్బాకు బ్లేడు పట్టేంత గాటు పెట్టి అందులో జారవిడవండి. నిండాక మూతికి గట్టిగా టేపు చుట్టి, ఇదీ సంగతని చెప్పి పంచాయతీ చెత్తబండి వాళ్ళ చేతికివ్వండి. మన చెత్తను ఏరేదీ ఓ ఇంటి ఆడకూతురే, ఆమె చెయ్యి తెగకూడదు.