కోర్టు హాలులో అటూ ఇటూ: ప్రీత్ భరారా ప్రస్థానం చెప్పేదేమిటి?

వాల్ స్ట్రీట్ మోసగాళ్లకు ఒకప్పుడు సింహస్వప్నమైన ప్రీత్ భరారా 2022లో విల్మర్‌హేల్ అనే పెద్ద న్యాయవాద సంస్థలో చేరారు. దర్యాప్తులు ఎదుర్కొనే కంపెనీలే అలాంటి సంస్థలకు ప్రధాన కక్షిదారులు. అమెరికాలో ఇది వింత కాదు, రివాజు.

1968లో పంజాబ్‌లోని ఫిరోజ్‌పూర్‌లో పుట్టిన భరారా పసితనంలోనే అమెరికా చేరారు. ప్రైవేటు ప్రాక్టీసుతో మొదలుపెట్టి, 2000లో న్యూయార్క్ దక్షిణ జిల్లా ఫెడరల్ ప్రాసిక్యూటర్ అయ్యారు. తర్వాత సెనేటర్ చక్ షూమర్‌కు న్యాయ సలహాదారుగా పనిచేశారు. 2009లో ఒబామా ఆయనను పాత కార్యాలయానికే అధిపతిగా పంపారు.

ఆ ఏడాది అక్టోబరులోనే శ్రీలంకకు చెందిన హెడ్జ్ ఫండ్ అధిపతి రాజ్ రాజరత్నం అరెస్టయ్యారు. మాఫియా కేసుల్లో వాడే ఫోన్ ట్యాపింగ్‌ను ఇన్‌సైడర్ ట్రేడింగ్‌పై ప్రయోగించడం ఈ కేసుకు ప్రాణం పోసింది. 2011 మేలో 14 అభియోగాలూ రుజువయ్యాయి, ఆ తర్వాత 11 ఏళ్ల జైలుశిక్ష పడింది. మెకిన్సే మాజీ అధిపతి రజత్ గుప్తా 2012లో దోషిగా తేలారు. గుప్తా తరఫున వాదించిన గ్యారీ నఫ్తాలిస్ కూడా ఒకప్పుడు అదే కార్యాలయంలో ప్రాసిక్యూటరే.

అన్నీ విజయాలే కావు. 2014 డిసెంబరులో అప్పీలు కోర్టు రెండు కీలక శిక్షలను కొట్టేసింది. 2008 సంక్షోభానికి కారకులైన బడా బ్యాంకర్లను వదిలేశారన్న విమర్శా ఉంది. రేపు కొలువిచ్చే వారిపై నేడు కఠినంగా ఉండగలరా అన్న అనుమానం అక్కడి నుంచే పుడుతుంది. 2017లో రాజీనామాకు నిరాకరించిన భరారాను ట్రంప్ తొలగించారు. ఆ తర్వాత ఆయన పాడ్‌కాస్ట్ నడిపారు, పుస్తకం రాశారు.

అయితే ఈ రాకపోకలకు మరో పార్శ్వం ఉంది. ఖాతా పుస్తకాలనూ ఫోన్ సంభాషణలనూ జ్యూరీకి అర్థమయ్యేలా విప్పిచెప్పే నైపుణ్యం ఆ కార్యాలయంలో తరతరాలుగా పోగుపడింది. అందుకే రాజరత్నం కేసు అరెస్టు నుంచి తీర్పు దాకా 19 నెలల్లో తేలింది. హైదరాబాద్‌లో సత్యం రామలింగరాజు 2009 జనవరి 7న తప్పు తానే ఒప్పుకుంటూ లేఖ రాసినా, తీర్పు రావడానికి 2015 ఏప్రిల్ దాకా పట్టింది. మరుసటి నెలలోనే బెయిలూ వచ్చింది. రెండు కేసులూ, రెండు న్యాయవ్యవస్థలూ ఒకటి కావు. కానీ మార్కెట్ మోసాలనే వాదిస్తూ రాటుదేలే ప్రాసిక్యూటర్ల దళం మనకు లేదన్నది కాదనలేని లోటు.

ప్రాసిక్యూటర్లు అవతలి పక్షానికి వెళ్లకుండా కట్టడి చేయడం ఎలాగన్నది అమెరికా సమస్య. ముందు అలాంటి వారిని తయారుచేసుకోవడం మన సమస్య.