లైసెన్సుకు ఐదేళ్లు... మరి కళ్లకు?

అబ్బాయిని అమెరికా పంపాలి. తెల్లవారుజామున మూడింటికి క్యాబ్ పిలుస్తాం. పెట్టెల బరువు రెండుసార్లు తూస్తాం, పాస్‌పోర్టు నాలుగుసార్లు తడిమి చూసుకుంటాం. మెహిదీపట్నంలో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కించి శంషాబాద్‌లో దింపే మనిషి చివరిసారి కళ్లు ఎప్పుడు చూపించుకున్నాడో మాత్రం అడగం. అడిగితే బాగుండదు కూడా. లైసెన్సు ఇచ్చేవాళ్లు చూసే ఉంటారులే అనుకుంటాం.

ఆ చూడటమే ఇప్పుడు అరుదైంది. 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టంతో రవాణా వాహనాల లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. గడువు ముగిశాక కూడా ఏడాదిలోపు వెళితే మళ్లీ డ్రైవింగ్ టెస్టు లేకుండానే రెన్యువల్ అవుతుంది. డ్రైవర్ ఇంటి బడ్జెట్‌కు ఇది మేలే, కాదనలేం. పదిహేనేళ్లలో ఐదుసార్లు తిరగాల్సింది మూడుసార్లతో సరిపోతుంది. కేంద్ర నిబంధనల ప్రకారం రెన్యువల్ రుసుం 200 రూపాయలు, స్మార్ట్ కార్డుకు మరో 200. వాటిపైన సర్వీస్ చార్జీలు, డాక్టర్ ఫీజు, మధ్యలో ఏజెంటు దూరితే ఆయన వాటా. వీటన్నిటికన్నా బరువైన ఖర్చు ఆ రోజు బండి ఆగిపోవడం. బండి ఆగినా ఈఎంఐ ఆగదు కదా!

అయితే రెన్యువల్‌తో పాటే వైద్య పరీక్ష కూడా ఐదు నుంచి మూడుకు తగ్గింది. పైగా, 7,500 కిలోల లోపు వాహనాలకు మామూలు ఎల్ఎంవీ లైసెన్సు ఉంటే చాలని, దానిపై రవాణా ముద్ర అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. డ్రైవర్ల ఉపాధికి అదీ మంచిదే. కానీ ఆ లైసెన్సు 39వ ఏట రెన్యువల్ చేయించుకుంటే పదేళ్లు చెల్లుతుంది. నలభై దాటలేదు కాబట్టి డాక్టర్ సర్టిఫికెట్ అక్కర్లేదు, సొంత ధ్రువీకరణ చాలు. మళ్లీ ఆయన్ను డాక్టర్ చూడాల్సింది 49వ ఏట!

సరిగ్గా ఆ పదేళ్లలోనే చత్వారం వస్తుంది, చాలామందికి షుగర్ బయటపడుతుంది. షుగర్ వల్ల రెటీనా దెబ్బతింటున్నా మొదట్లో నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. శుక్లం మొదలైతే ఎదురుగా వచ్చే లారీ లైట్లు చెదిరిపోయినట్టు కనిపిస్తాయి. పగలు అంతా బాగానే ఉందనిపిస్తుంది. ఇక సర్టిఫికెట్ కోసం డాక్టర్ నింపే ఫారం 1ఎ అడిగేదేమిటి? పగటి వెలుతురులో 25 మీటర్ల దూరంలోని నంబర్ ప్లేటు గుర్తుపట్టగలడా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలుస్తుందా, రేచీకటి ఉందా, చెవుడు ఉందా అని. షుగర్, నిద్ర గురించి విడిగా ప్రశ్నే లేదు. ఆ ప్రశ్నలైనా ఎంత ఓపిగ్గా అడుగుతున్నారో రెన్యువల్ చేయించుకున్న పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు.

అదే విమానాశ్రయంలో విమానం నడిపే పైలట్‌కు కనీసం ఏడాదికోసారి వైద్య పరీక్ష తప్పదు. గాల్లో ఉన్న జాగ్రత్త నేల మీదికి వచ్చేసరికి ఇంతలా పలచబడాలా?

మళ్లీ మూడేళ్ల గడువు పెట్టమని మేం అనడం లేదు. అలా చేస్తే భారం మళ్లీ డ్రైవర్ జేబు మీదే పడుతుంది. లైసెన్సు పని వేరు, కంటి పరీక్ష వేరు. రెండింటికీ ముడి తెంచి పరీక్షను ఏటా ఉచితంగా చేయాలి. మన రాష్ట్రానికి ఇది కొత్త కాదు. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు 2023లో రెండో విడత కూడా నడిచింది. ఊరూరా, వార్డు వార్డునా పరీక్షలు చేసి అద్దాలిచ్చారు. కాకపోతే రాత్రంతా బండి నడిపి పగలు పడుకునే మనిషికి పగటి శిబిరం అందదు. క్యాబ్‌లు వరస కట్టే ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లోనే, రాత్రిపూట, ట్రిప్పు కోసం ఎదురుచూసే ఆ ఖాళీలోనే శిబిరం పెట్టాలి.

ఖర్చు ఎవరిది? ప్రతి ట్రిప్పులో కమీషన్ తీసుకునే యాప్ కంపెనీలది కూడా. డ్రైవర్‌కు 5 లక్షల ఆరోగ్య బీమా చేయించాలని, రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదని కేంద్రం 2020లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆ జాబితాలోనే ఏటా కళ్లు, షుగర్ పరీక్షలు కూడా చేర్చితే కంపెనీలు మునిగిపోవు.

ఈలోగా, సొంత డ్రైవర్ ఉన్న ఇళ్లవాళ్లు ఒక పూట జీతం కోయకుండా ఆయన్ను పరీక్షకు పంపవచ్చు. మెహిదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రి సర్కారుదే. నలభై దాటినా, షుగర్ ఉన్నా రెటీనా కూడా చూడమని అడగమనండి. చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కాబట్టి ఆ రోజు బండి తాళాలు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.