పాస్‌పోర్టు సర్కారు ఇనాం కాదు

అచ్చంపేటలో మొన్న జుమా నమాజు ముగిశాక ఒక తండ్రి మమ్మల్ని ఆపి, మడతలు పడిన రశీదు చేతిలో పెట్టారు. కొడుకు దుబాయి వెళ్లాలి. పాస్‌పోర్టుకు పెట్టుకుని నాలుగు నెలలైంది. ఎవరినడిగినా ‘విచారణలో ఉంది’ అనే మాటే. ఆ మధ్య పొలం గట్టు తగాదాలో కుర్రవాడి పేరు ఎఫ్‌.ఐ.ఆర్‌.లో ఎక్కిందట. “మౌల్వీ సాబ్‌, ఎవరినైనా పట్టుకుని పైరవీ చేయించండి” అన్నారు.

ఆయన కష్టంతో పాటు, ఆయన అడిగిన తీరు కూడా మమ్మల్ని బాధించింది. పాస్‌పోర్టు అంటే సర్కారు దయతలచి ఇచ్చే ఇనాం అని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు సర్కారు కూడా అదే అనేది. 1967 వరకు దాన్ని ఎవరికివ్వాలి, ఎవరికి కాదనాలి అని చెప్పే చట్టమే లేదు. అధికారుల ఇష్టమే చట్టం.

1966లో సత్వంత్‌ సింగ్‌ సాహ్నీ అనే వ్యాపారిని పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చేయమన్నారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. పాస్‌పోర్టు కోరే హక్కు ఎవరికీ లేదని ప్రభుత్వం వాదించింది. 1967 ఏప్రిల్‌ 10న తీర్పు వచ్చింది. రాజమండ్రిలో పుట్టిన మన తెలుగువాడు, నాటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు దాన్ని రాశారు. విదేశానికి వెళ్లడం 21వ అధికరణం చెప్పే వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ, చట్టం లేకుండా దానికి అడ్డుపడే అధికారం ప్రభుత్వానికి లేదనీ ఆయన తేల్చారు. ఐదుగురిలో ముగ్గురిది ఈ మాట. భిన్నంగా రాసినవారు జస్టిస్‌ హిదాయతుల్లా. మతాన్ని బట్టి న్యాయమూర్తులను లెక్కపెట్టుకునే అలవాటున్నవారు ఈ సంగతి గమనించాలి. మరో సంగతి. తీర్పు చెప్పిన వెంటనే సుబ్బారావు గారు పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. ఆయనను ఓడించినవారు హైదరాబాద్‌లో పుట్టిన డాక్టర్‌ జాకిర్‌ హుస్సేన్‌ సాహెబ్‌.

ఆ తీర్పు తర్వాతే, అదే ఏడాది జూన్‌లో, పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. పాస్‌పోర్టు కాదన్న అధికారి కారణాన్ని కాగితం మీద రాయాలి. అడిగితే నకలు ఇవ్వాలి. దేశభద్రత వంటి కొన్ని విషయాల్లో మాత్రమే ఆ కారణం దాచవచ్చు. దానిపై అప్పీలు కూడా ఉంది. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టు స్వాధీనం చేయమని, కారణం చెప్పబోమన్నారు. 1978 జనవరిలో సుప్రీంకోర్టు, చట్టం ఉంటే చాలదు, పద్ధతి కూడా న్యాయంగా ఉండాలి, మనిషి మాట వినాలి అంది.

మరి మన కుర్రవాడి సంగతి? అతనికి ‘లేదు’ అని ఎవరూ రాసివ్వలేదు. చిక్కంతా అక్కడే ఉంది. రాసిన ఉత్తర్వు మీద అప్పీలుకు పోవచ్చు, మౌనం మీద ఎక్కడికి పోవాలి? ఈ మౌనమే పైరవీకారులకు రోటీ పెడుతోంది. లంచం ఇచ్చేవాడినీ పుచ్చుకునేవాడినీ ప్రవక్త (స) శపించారని ఖుత్బాలో వింటాం, బయటికొచ్చి జేబులు తడుముకుంటాం.

ఎఫ్‌.ఐ.ఆర్‌. ఉన్నంత మాత్రాన కోర్టులో కేసు నడుస్తున్నట్లు కాదని హైకోర్టులు పలుమార్లు చెప్పాయి. కేసు నిజంగా కోర్టులో ఉన్నా దారి మూసుకుపోలేదు. ఆ కోర్టు అనుమతి తెచ్చుకుంటే పాస్‌పోర్టు ఇవ్వవచ్చని 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్‌ చెబుతోంది. కానీ ఏజెంటు మాట విని, ఉన్న కేసును లేదని దరఖాస్తులో రాస్తే అదే వేరొక నేరమవుతుంది. ఇలా చిక్కుల్లో పడిన పిల్లలను మేమెరుగుదుము.

ఆ తండ్రిని ఇంటికి తీసుకెళ్లి కూర్చోబెట్టాం. దరఖాస్తు ఏ దశలో ఉంది, ఎవరి దగ్గర ఆగింది, కారణమేమిటి అని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ రాశాం. జవాబు రాకపోతే వకీలును కలిసి, హైకోర్టులో రిట్‌ వేసే సంగతి మాట్లాడాలని చెప్పాం. ఆయన ఉర్దూలో సంతకం చేసి, “ఇలా అడిగితే కోపం రాదు కదా?” అన్నారు. వచ్చినా రశీదు తీసుకునే రమ్మన్నాం.