పాత అంబాసిడర్‌కు పందెం టైర్లు: వెల్డింగ్ కుదిరినా చట్టం కుదరదు

చోడవరం: పాత కారుకు వెనుకవైపు అడుగు వెడల్పు టైర్లు బిగించి, ముందు చక్రాలు గాలిలోకి లేచేటట్టు పరుగెత్తించే దృశ్యాలు ఇప్పుడు ప్రతి యువకుని చేతిలోని ఫోనులోనూ కనిపిస్తున్నవి. అమెరికాలో డ్రాగ్ రేసింగ్ అని పిలిచే ఈ పందెం మోజు మన ప్రాంతానికీ పాకడంలో ఆశ్చర్యం లేదు. ఇంటి వెనుక షెడ్డులో తాతగారి అంబాసిడరో, తుప్పు పట్టిన జీపో పడి ఉన్న కుర్రవాడికి దాన్ని అలా తయారు చేయాలన్న కోరిక కలగడం సహజమే. వెల్డింగ్ షెడ్డుకు వెళ్ళి అడిగితే పని కుదరదని చెప్పి పంపేవారు తక్కువ. అయితే ఆ కోత తరువాత బండి ఏ లెక్కలోకి వస్తుందన్న ప్రశ్న మాత్రం అడిగేవారికీ, చేసేవారికీ తట్టడం లేదు.

వాహనం వెనుక భాగాన్ని కోయడం, పెంచడం, అతకడం ఉత్తరాంధ్రకు కొత్త విద్య కాదు. మాడుగుల మీదుగా పాడేరు ఏజెన్సీకి తిరిగిన సర్వీసు జీపుల సంగతి పాఠకులకు విదితమే. ఛాసిస్ వెనుక కొసలకు కమ్మీలు అతికి, సీట్లు పొడిగించి, ఆరుగురు కూర్చోవలసిన చోట పదిహేను మందిని ఎక్కించిన రోజులున్నవి. ఎడ్లబండికి కర్ర చక్రాలు తీసి, తుక్కులో కొన్న కారు ఇరుసు, గాలి టైర్లు అమర్చినదీ ఇటువంటి షెడ్లలోని చేతులే. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు మోసిన ట్రాక్టరు తొట్టెలను పెంచినదీ ఆ చేతులే. అదంతా కూటికోసం జరిగిన మార్పు. చట్టం దాన్ని ఒప్పుకోకపోయినా, బస్సు లేని ఊరికి జీపే గతి గనుక అధికార్లు చూసీ చూడనట్టు పోయారు. ఇప్పుడు అడుగుతున్నది సరదా కోసం చేసే మార్పు. పనిలో ప్రమాదం మాత్రం దానికన్నా ఎక్కువ.

ఇంతకూ ఆ కోత ఎందుకు?

పావు మైలు, అనగా సుమారు 402 మీటర్లు, నిలిచిన చోటునుంచి ఎవరు ముందు చేరితే వారిది గెలుపు. ఇదే డ్రాగ్ పందెం. ఇందులో మలుపులు లేవు. గెలుపు ఓటములు చాలావరకు మొదటి ఇరవై ముప్పై మీటర్లలోనే తేలిపోతాయి. బండి ఒక్కసారిగా ముందుకు దూకినప్పుడు బరువంతా వెనుకకు వాలుతుంది. ఆ క్షణంలో వెనుక టైరు నేలను పట్టుకుంటే బండి కదులుతుంది, జారితే ఉన్నచోటనే పొగ లేస్తుంది. అందుకే వెనుక టైర్లు వెడల్పుగా, మెత్తగా, గీతలు లేకుండా ఉంటాయి. గాలి కూడా తక్కువ కొడతారు. పందానికి ముందు వాటిని కావాలని తిప్పి వేడెక్కించేది రబ్బరు జిగురెక్కి నేలను అంటుకోవడానికే.

ఇక కారు కొలత చూద్దాం. అంబాసిడర్ మొత్తం వెడల్పు సుమారు అయిదున్నర అడుగులు. కంపెనీవారు ఇచ్చిన టైరు వెడల్పు 6 అంగుళాల లోపు. దాని స్థానంలో 12 అంగుళాల టైరు పెట్టాలంటే ఒక్కొక్క వైపు మరో 6 అంగుళాల చోటు కావాలి. బయటికి జరిపితే టైరు మడ్‌గార్డు దాటి రాళ్ళు చిమ్ముతుంది, బేరింగుల మీద భారం పెరుగుతుంది. కనుక ఆ చోటును లోపలినుంచే తీయాలి. లోపలి మడ్‌గార్డు రేకు కోసి, డిక్కీలోకి, వెనుక సీటు కిందికి పెద్ద గుల్ల కట్టాలి. కమాను కట్టలను లోపలికి జరపాలి. వాటిని మోసే కమ్మీలను కోసి దగ్గరగా తెచ్చి అతకాలి. ఇరుసు హౌసింగును రెండు వైపులా తగ్గించాలి, లోపలి షాఫ్టులను పొట్టి చేయాలి. పెట్రోలు ట్యాంకుకు చోటు మార్చాలి. ఇంత చేశాక వెనుక సీటు మిగలదు.

లారీకో, జీపుకో అయితే నిచ్చెనలాంటి ఛాసిస్ విడిగా ఉంటుంది. అంబాసిడర్‌కు అలా లేదు. 1956లో ఇంగ్లండులో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ అచ్చు మీద హిందుస్తాన్ మోటార్స్ వారు ఉత్తర్‌పారాలో తయారు చేసిన ఈ కారుకు బాడీయే ఛాసిస్. నేల రేకు, లోపలి మడ్‌గార్డు, పక్క పెట్టెలు అన్నీ కలిసి బరువు మోస్తాయి. వెనుక రేకు ఒక జానెడు కోస్తే కారుకు వెన్నుపూసలో కొంత తీసినట్టే. దానికి బదులుగా ముందునుంచి వెనుకదాకా గొట్టాల పంజరం కట్టి కొత్త కమ్మీలతో కలపాలి. పందెపు కార్లలో చేసేది అదే.

పొట్టి జీపులో కోత సులువు. కాని దానికి ముందు ఇరుసునుంచి వెనుక ఇరుసుకు 80 అంగుళాలే దూరం. నేలను గట్టిగా పట్టే టైర్లు వేసి, బలమైన ఇంజను పెడితే అది ముందుకు దూకకముందే వెల్లకిలా పడే ప్రమాదం ఉన్నది.

షెడ్డులో జరిగే పొరపాట్లు

మన వెల్డరు పనితనాన్ని తక్కువ చేసి చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. విశాఖ హిందుస్తాన్ షిప్‌యార్డులో ఓడలు అతికినదీ, గాజువాకలో లారీలకు ప్రాణం పోస్తున్నదీ ఈ జిల్లాల చేతులే. తేడా ఒక్కటే. ఓడ అతుకును ఎక్స్‌రే తీసి చూస్తారు, లోపముంటే తీసి మళ్ళీ వేయిస్తారు. ఊరి షెడ్డులో అతుకును పరీక్షించేది సుత్తి దెబ్బ, యజమాని కన్ను.

హౌసింగును గుల్లదండం లోపల పెట్టి తిన్నగా నిలిపి అతకకపోతే వేడికి అది వెంట్రుకవాసి వంగుతుంది. కంటికి కనిపించదు. వెయ్యి కిలోమీటర్లు తిరిగేసరికి బేరింగు చెబుతుంది. షాఫ్టు సంగతి ఇంకా ప్రమాదకరం. దాన్ని పొట్టి చేయాలంటే కొస కోసి, కొత్తగా పళ్ళు కోయించి, తిరిగి ఉక్కుకు పదును పట్టించాలి. ఆ యంత్రం అన్నిచోట్లా ఉండదు గనుక షాఫ్టును మధ్యలో కోసి రెండు ముక్కలూ అతికేయడం దొడ్డిదారి. అటువంటి షాఫ్టు నెమ్మదిగా పోతున్నంతకాలం మోసం చేయదు. పూర్తి బలం ఒక్కసారిగా పడిన రోజున విరుగుతుంది, ఆ రోజు బండి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. కమాను పట్టీకి వెల్డింగు మంట తగలనివ్వరాదన్నది పాత మేస్త్రీలకు తెలిసిన సూత్రమే. పందెం తొందరలో దాన్నీ మరచిపోతుంటారు.

ఇంతకన్నా ముందుగా వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. 1489 సి.సి. పాత అంబాసిడర్ ఇంజను కొత్తలోనే సుమారు 50 గుర్రాల శక్తిది. క్లచ్చి గభాలున వదిలితే సన్న టైరు ఒక్క క్షణం కీచుమంటుందేమోగాని, అడుగు వెడల్పు టైరు అవసరమయ్యేంత బలం దానికి లేదు. పైగా ఆ బరువైన టైర్లను తిప్పడంలోనే ఉన్న బలం కొంత పోయి కారు ముందుకన్నా నెమ్మదిస్తుంది. బక్క ఎద్దులకు బరువైన కాడి కట్టడమంటే ఇదే. టైరుకు తగ్గ ఇంజను వేయాలంటే గేరుబాక్సు, డిఫరెన్షియల్, బ్రేకులు వరుసగా మారాలి. చివరికి అంబాసిడర్ అని చెప్పుకోవడానికి పైరేకు, ముందరి జాలీ మిగులుతాయి.

చట్టం ఏమంటున్నది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా ఉండేటట్టు బండిని మార్చరాదు. వాహనం మూలస్వరూపాన్ని మార్చే నిర్మాణపు మార్పు ఏదైనా ఈ నిషేధం కిందికి వస్తుంది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, కేరళనుంచి వచ్చిన ఒక కేసులో, ఈ సెక్షన్‌ను కచ్చితంగా అమలు చేయవలసిందేనని తీర్పు చెప్పింది. రంగు మార్చడం, చిన్న చిన్న అమరికలు వేరు. ఛాసిస్ జోలికి పోవడం వేరు. ఆ ఏడాదే వచ్చిన సవరణలో 182ఎ సెక్షన్ చేర్చి, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, 6 నెలలదాకా జైలు గాని, రెండూ గాని విధించవచ్చునన్నారు. ఒక్కొక్క మార్పుకు అన్న మాట గమనార్హం. పైన చెప్పిన కోతలో మార్పులు ఎన్నో పాఠకులే లెక్క వేసుకోవచ్చు.

గ్యాసు కిట్టుకో, బ్యాటరీ మోటారుకో మార్చుకోవాలంటే ఆమోదించిన కిట్టుతో, అనుమతితో చట్టంలో దారి ఉన్నది. వెనుక టైరు వెడల్పు కోసం కమ్మీలు కోస్తానంటే దారి లేదు. బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు ఎంత జాలి ఉన్నా ఎఫ్.సి. ఇవ్వలేరు. కోసిన ముక్కలో ఛాసిస్ నంబరు పోయిందా, ఆ బండి ఎవరిదో రుజువు చేసుకోవడమే కష్టం. బీమా కంపెనీకి చెప్పకుండా ఇంత మార్పు చేసిన కారు ఎవరినైనా గుద్దితే పరిహారం భారం యజమాని మెడకే చుట్టుకునే ప్రమాదం ఉన్నది. రోడ్డు మీద పందెం వేస్తే 189వ సెక్షన్ ఉండనే ఉన్నది: మొదటిసారి 3 నెలలదాకా జైలు లేదా 5,000 వరకు జరిమానా, మళ్ళీ పట్టుబడితే ఏడాదిదాకా జైలు లేదా 10,000. అయినా భీమిలి–నర్సీపట్నం రోడ్డు గోతుల్లో పందెం వేయగల ధీరుడు ఉంటే అతనికి బహుమతి ఇచ్చినా తప్పు లేదు.

అసలు నష్టం వేరొకటి

జరిమానా కట్టవచ్చు. తిరిగి తెచ్చుకోలేనిది మరొకటి పోతున్నది. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన సొంత కార్లు, మోటారు సైకిళ్ళు దీని కిందికి వస్తాయి. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, తరువాత పునరుద్ధరణకు 5,000. నంబరు పలకపై రాష్ట్రం అక్షరాల తరువాత వి.ఎ. అన్న అక్షరాలు వస్తాయి. రోజువారీ తిరుగుడుకు పనికిరాదు. ప్రదర్శనలకు, పాత కార్ల ర్యాలీలకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కవచ్చు. ఇందుకు ముఖ్యమైన షరతు ఒకటే: ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా కారు అసలు రూపంలో ఉండాలి.

1975కు ముందు రిజిస్టరయిన మార్క్ 1, మార్క్ 2 అంబాసిడర్లు ఇప్పటికే ఈ అర్హత పొందినవి. 2014 మే నెలలో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ మూతపడింది గనుక ఇకపై వాటి సంఖ్య తగ్గడమే గాని పెరగడం లేదు. 20 ఏళ్ళు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఫీజును 2025 ఆగస్టులో 10,000కు పెంచడంతో చాలామంది పాత బండిని తుక్కుకు తోలడమే మేలనుకుంటున్నారు. అటువంటి సమయంలో నిలిచి ఉన్న ఒక మంచి కారును కోయడమంటే ఆ కాస్త విలువనూ చేతులారా పోగొట్టుకోవడమే. కోసిన కారు పాత కారుల జాబితాలోకి రాదు, రోడ్డు కారుగా చెల్లదు. పందెపు కారుగా అయినా పనికి వస్తుందా అంటే, పందెం ఎక్కడ?

ఇక్కడ యువకుల పక్షాన కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. అమెరికాలోనూ ఈ పందేలు మొదట వీధుల్లోనే మొదలైనవి. 1950లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనా విమానాశ్రయపు రన్‌వే మీద డబ్బు తీసుకొని పందేలు నడిపారు. మరుసటి ఏడాది వాలీ పార్క్స్ నాయకత్వంలో జాతీయ సంఘం ఏర్పడింది. పావు మైలును 10 సెకన్ల లోపు దాటే కారుకు పంజరం, ఛాసిస్ తనిఖీ ముద్ర లేనిదే ఆ సంఘం పోటీకి రానివ్వదు. కుర్రవాళ్ళను వీధినుంచి తప్పించింది పోలీసు లాఠీ ఒక్కటే కాదు, పక్కనే తెరిచిపెట్టిన రన్‌వే కూడా. మన దేశంలోనూ మద్రాసు దగ్గర షోలవరంలో యుద్ధకాలపు రన్‌వే మీదనే కార్ల పందేలు పుట్టినవి. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చాక అక్కడికి మారినవి. చోడవరంనుంచి అది సుమారు 800 కిలోమీటర్లు. కోసిన కారు రోడ్డు మీద నడపరాదు గనుక లారీ మీద ఎక్కించుకొని పోవాలి. ఆ కిరాయితో మరో పాత కారు వస్తుంది.

ఆంధ్రలోనూ తాడేపల్లిగూడెం, దొనకొండలలో యుద్ధకాలపు రన్‌వేలు ఉన్నవి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల అంతర్జాతీయ పందెం జరిగింది, మరుసటి ఏడాది రద్దయింది. ప్రపంచ పందేలకు నగరం రోడ్లు మూయగలిగిన వారికి, ఏడాదికి రెండు ఆదివారాలు ఒక పాత రన్‌వేను జాతీయ మోటారు క్రీడల సమాఖ్య పర్యవేక్షణలో స్థానిక యువకులకు ఇప్పించడం అసాధ్యమేమీ కాదు. అంబులెన్సు, అగ్నిమాపక బండి, తనిఖీ చేసే ఇంజనీరు ఉంటే చాలు. మామూలు టైర్లతో, కోయని కార్లతో కూడా అక్కడ పావు మైలు పరుగెత్తవచ్చు, గడియారం చూసుకోవచ్చు.

ఈలోగా రవాణా శాఖవారు చేయగలిగిన చిన్న పని ఒకటున్నది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడ్డాక కార్యాలయాలు దగ్గరయ్యాయని చెబుతున్నారు గనుక, చోడవరం, మాడుగుల, వడ్డాది షెడ్ల మేస్త్రీలను ఒక పూట పిలిపించి ఏది మరమ్మతో, ఏది నేరమో తెలుగులో చెప్పాలి. తుప్పు పట్టిన నేల రేకును అదే కొలతలో మార్చడం మరమ్మతు. కమ్మీని లోపలికి జరపడం మార్పు. ఈ తేడా రాసిన ఒక కాగితం ప్రతి షెడ్డు గోడమీదా ఉంటే సగం కోతలు ఆగుతాయి. షెడ్డులో పాత కారు ఉన్నవారు గ్యాసు కట్టరు పిలవకముందు పెట్టె అడుగున ఉన్న ఆర్.సి. పుస్తకం తీసి మొదటి రిజిస్ట్రేషన్ తేదీ చూసుకోవడం మంచిది.