చీటీ అంటించిన బీరువాకంటే గోడలో పొదిగిన బండ మేలు

హరిత భవనం మాట ఎత్తితే చాలు, ఇప్పుడు అందరి నోటా ఒకటే పాఠం. కట్టడం ముగిశాక ఇంటీరియర్ వాళ్ళను పిలవాలి. వాళ్ళు కేటలాగు తెరిచి, గ్రీన్‌గార్డ్ అనో ఎఫ్ఎస్‌సీ అనో గ్రీన్‌ప్రో అనో ముద్ర ఉన్న బల్లలూ బీరువాలూ ఏరిపెడతారు. ఆ కాగితాలు ఫైలుకెక్కితే హరిత రేటింగు వచ్చినట్టే. ఊళ్ళో దొరికే బండకూ, వడ్రంగి చేసిన బల్లకూ, తాతల నాటి మంచానికీ కాగితాలుండవు కాబట్టి అవి లెక్కలోకి రావట. మన రాయలసీమలోని బేతంచెర్ల సున్నపురాతి బండలు లారీలకెక్కి దేశమంతా తిరుగుతుంటే, ఆ లారీలు కదిలే చోటికి కూతవేటు దూరంలో కట్టే భవనాలకు సైతం ఈ పాఠమే చెబుతున్నారు.

ఈ పాఠం తప్పు. ఏ నియమావళిని చూపించి దీన్ని చెబుతున్నారో, ఆ నియమావళే దీన్ని ఒప్పుకోదు.

ముందు అవతలివాళ్ళ వాదంలో ఉన్న బలాన్ని ఒప్పుకుందాం. పార్టికిల్ బోర్డు, ఎండీఎఫ్, చౌక ప్లైవుడ్ వీటన్నిటినీ కలిపి ఉంచేది జిగురు. చాలావాటిలో అది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురే. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ సంస్థ ఐఏఆర్‌సీ 2004లోనే తేల్చింది. వేడి పెరిగినకొద్దీ బోర్డు నుంచి ఈ వాయువు ఎక్కువగా వెలువడుతుంది. నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో, కిటికీలు మూసి ఉంచిన గదిలో కొత్త బీరువా తలుపు తీస్తే కళ్ళు మండటానికి కారణం అదే. కాబట్టి బోర్డుకు పరీక్ష కావాలి. కుర్చీలోని ఫోముకూ, సోఫా గుడ్డకూ, వార్నిషుకూ పరీక్ష కావాలి. వాటిమీద ముద్ర చూసి కొనమనడం న్యాయమే.

అయితే గ్రీన్‌గార్డ్ లాంటి ముద్ర దేనికి పుట్టిందో మరిచిపోకూడదు. విషం వదిలే అవకాశం ఉన్న సరుకు, వదలడం లేదని రుజువు చేసుకోవడానికి పుట్టింది. వదలడానికి ఏమీ లేని వస్తువును ఆ రుజువు అడగడం అర్థం లేని పని. అమెరికా గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ వారి లీడ్ నియమావళి ఈ తేడాను స్పష్టంగా రాసిపెట్టింది. నాలుగో వెర్షన్‌లో లోపలి గాలి నాణ్యతకు సంబంధించిన అధ్యాయం చూడండి. రాయి, గాజు, సెరామిక్, కాంక్రీటు, మట్టి ఇటుక లాంటివి స్వభావరీత్యానే వాయువులు వదలనివని, పైన రసాయన పూతలూ సీలెంట్లూ లేకపోతే పరీక్ష లేకుండానే చెల్లుతాయని ఉంది. తర్వాత వచ్చిన 4.1 వెర్షన్ పూత పూయని అసలు చెక్కకు కూడా ఆ వెసులుబాటు ఇచ్చింది. ఏడాది దాటిన పాత సామాను తిరిగి వాడితే దానికీ పరీక్ష అక్కర్లేదంది. అంటే పాలిష్ పట్టిన బేతంచెర్ల బండ, రంగు వేయని వేపచెక్క బల్ల, పాత ఇంటి నుంచి తెచ్చిన టేకు మంచం ఈ మూడూ ముద్ర లేకుండానే గడప దాటి లోపలికి రాగలవు. ముద్ర తెచ్చుకోవాల్సింది కేటలాగులోని బీరువాయే.

పాత సామాను సంగతి అంతకుముందు నుంచీ ఉన్నదే. ఇంటీరియర్ల కోసం 2009లో వచ్చిన లీడ్ నియమాల్లో, ఫర్నిచర్ ఖర్చులో 30 శాతం విలువకు పాతవీ బాగుచేసినవీ వాడితే ఒక పాయింటు ఇచ్చారు. ముద్ర ఉన్న కొత్త కుర్చీలూ బల్లలూ కొంటే వచ్చేదీ ఒక్క పాయింటే. మొత్తం 110 పాయింట్లలో, అన్నిటికంటే పై స్థాయైన ప్లాటినం రావాలంటే 80 కావాలి. ఒక పాయింటు ఖర్చు లేకుండా ఇంటి అటక మీద ఉండేది, ఇంకొకటి లక్షలు పోసి కొనాల్సి వచ్చేది. మనవాళ్ళు ఇప్పటికీ కొత్తవాటి వెంట పడి పాతవాటిని పాతసామాన్ల బండికి ఎత్తేస్తున్నారు.

ఇదంతా కాగితం మీది మాట అనుకునేవాళ్ళు హైదరాబాదు దాకా వెళ్ళి చూడవచ్చు. కొండాపూర్ దగ్గర సీఐఐ-సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. 2003లో దానికి లీడ్ ప్లాటినం వచ్చింది. అమెరికా వెలుపల ఆ స్థాయి అందుకున్న మొదటి భవనం అదే. 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ మధ్యలో గుండ్రటి ముంగిలి, చుట్టూ జాలీ గోడలు పెట్టి పాత ఇళ్ళ పద్ధతిలోనే దాన్ని గీశారు. ఆఫీసు ఫర్నిచర్‌లో చాలాభాగం చెరకు పిప్పితో చేసిన బోర్డులతో చేయించారు. క్యాంటీన్ ఫర్నిచర్, రాతి పలకలు, కొన్ని తలుపులు ఇతరచోట్ల వాడి తీసేసినవి. దేశానికి హరిత భవనాల దారి చూపిన కట్టడం పాత బండలను తిరిగి పరిచి, పాత బల్లల మీద భోజనం పెట్టి ప్లాటినం తెచ్చుకుంది. ఆ దారిలో నడుస్తున్నామని చెప్పుకునేవాళ్ళు మాత్రం కేటలాగు దగ్గర ఆగిపోయారు.

ఇక బేతంచెర్ల సంగతి. కర్నూలు శిలాసముదాయంగా భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే సున్నపురాతి పొరల మీద ఈ ఊరు కూర్చుంది. పక్కనున్న బిల్లసర్గం గుహలూ, కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలూ ఈ సున్నపురాయిని నీళ్ళు తొలిచినవే. ఇక్కడి రాయి పొరలు పొరలుగా ఉంటుంది. గునపంతో, ఉలితో పొర వెంట లేపితే పలకగానే వస్తుంది. ఫ్యాక్టరీలో రంపం అంచులు కోస్తుంది, యంత్రం నీళ్ళతో పాలిష్ పడుతుంది. బట్టీ లేదు, మంట లేదు. విట్రిఫైడ్ టైలు కావాలంటే పన్నెండు వందల డిగ్రీల దాకా కాల్చాలి. బండకు అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు.

ఈ రాయికి రెండు గతులున్నాయి. ఒకటి సిమెంటు ఫ్యాక్టరీ, రెండోది బండల ఫ్యాక్టరీ. సిమెంటు కొలిమిలో సున్నపురాయిని 1,450 డిగ్రీల దాకా కాల్చినప్పుడు, స్వచ్ఛమైన రాయి టన్నుకు 440 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ బయటికి పోతుంది. కాల్చిన బొగ్గు పొగ దీనికి అదనం. బండగా కోస్తే ఆ కార్బన్ రాతిలోనే ఉండిపోతుంది. సిమెంటు మానేయమనడం నా ఉద్దేశం కాదు, అది లేకుండా కట్టడం లేదు. కానీ వంటగట్టు, అలమరలో అరలు, వసారాలో కూర్చునే బల్ల వీటికి సిమెంటు స్లాబు పోసి, దానిమీద లామినేట్ బోర్డు బిగించి, పైగా దానికి హరిత ముద్ర వెతుక్కోవడం మాత్రం మానేయవచ్చు.

మన పాత మిద్దెల్లో ఫర్నిచర్ ఎక్కడుండేదో గుర్తుచేసుకోండి. గోడ మందంలోనే గూళ్ళు ఉండేవి. గూట్లో ఒకటో రెండో బండలు అడ్డం పెడితే అదే అలమర. వాకిట్లో అరుగే సోఫా, దండెమే బట్టల స్టాండు. పడుకోవడానికి నులక మంచం, నులక వదులైతే బిగించుకోవడం, తెగితే మళ్ళీ అల్లుకోవడం. ఈ రాయి విలువ తెలిసినవాళ్ళు దూరాన కూడా ఉన్నారు. మహారాష్ట్రలో ఇంటింటా వంటగట్టు మీదా అరల్లోనూ ఉండే నల్ల బండను అక్కడివాళ్ళు కడప్పా అనే పిలుస్తారు. ముంబై వంటింటికి పనికొచ్చింది మన ఊరి ఆఫీసుకు పనికిరాదంటే నవ్వొస్తుంది.

పనికిరాకపోవడానికి అసలు కారణం రాయిలో లేదు, పని వరసలో ఉంది. అంగుళం మందం బండ చదరపు అడుగుకు ఆరు కిలోలకు పైగా తూగుతుంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు అర అంటే యాభై కిలోలు. దాన్ని మోయాల్సింది గోడ. కాబట్టి అర ఎక్కడ రావాలో గోడ లేవకముందే నిర్ణయించాలి, నక్షాలోనే గీయాలి, మేస్త్రీ ఇటుక పేర్చేటప్పుడే బండ కూర్చోబెట్టాలి. ఇప్పుడు జరుగుతున్నదేమిటి? కట్టడం ఒక కాంట్రాక్టు, ఇంటీరియర్ ఇంకో కాంట్రాక్టు. రెండోవాడు వచ్చేసరికి నున్నటి గోడలు తయారుగా ఉంటాయి. ఆ గోడకు బిగించగలిగింది తేలికపాటి బోర్డే. ఆ బోర్డు మంచిదని చెప్పుకోవడానికి ముద్ర తప్పనిసరి. ఆలస్యంగా ఆలోచించినందుకు కట్టే జరిమానా ఈ ముద్ర ఖరీదు. ఫర్నిచర్‌ను చివర్లో కొనే సరుకుగా కాక మొదట్లోనే కట్టే భాగంగా చూస్తే, కొనాల్సిన బీరువాల సంఖ్యే తగ్గుతుంది. కొనని బీరువాకు అడవి నరకనక్కర్లేదు, జిగురు కాయనక్కర్లేదు, కాగితమూ అడగనక్కర్లేదు.

అలాగని ‘మా రాయి సహజమైంది, అందుకే హరితం’ అని జబ్బలు చరుచుకునేవాళ్ళ పక్షానా నేను లేను. సహజమైందల్లా మంచిదైతే రాతి దుమ్ము కూడా సహజమైందే. సిలికా కలిసిన ఆ దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చిన కార్మికుడికి సిలికోసిస్ వస్తే నయం చేసే మందు లేదు. గనిలో పలకగా రాని రాయి దిబ్బలుగా పడి ఉంటుంది. పాలిష్ నీళ్ళతో కొట్టుకొచ్చే రాతి బురద ఎండితే గాలికి లేస్తుంది, తడిస్తే పొలంలోకి పారుతుంది. నీళ్ళు కరువైన సీమలో పాలిష్‌కు వాడిన నీటిని వడగట్టి మళ్ళీ వాడని ఫ్యాక్టరీ సరుకును హరితమనలేం. తడి కోత, ముక్కుకు సరైన మాస్కు, బురదకు తొట్టి ఈ మూడూ లేకుండా వచ్చిన బండ ఏ ప్లాటినం భవనానికెక్కినా దాని వెనక ఒకరి ఊపిరి ఖర్చు ఉంటుంది.

రాయికి వాడకంలోనూ హద్దులున్నాయి. ఇది సున్నపురాయి, పులుపు పడదు. నిమ్మరసమో చింతపండు గుజ్జో ఒలికితే వెంటనే తుడవాలి, లేకపోతే నునుపు పోయి మరక నిలుస్తుంది. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునేవాడికి బండ బల్ల వేసి నడుము విరగ్గొట్టమని ఎవరూ అడగరు. ఆ కుర్చీ కేటలాగు నుంచే రానివ్వండి, ముద్ర చూసే కొనండి. మెరుపు కోసం బండమీద రసాయన పూత పూశారో, పరీక్ష లేకుండా చెల్లే అర్హత అక్కడితో పోయినట్టే. దాని బలం దాని బోడితనంలోనే ఉంది.

దూరం సంగతీ చెప్పాలి. 2009 నాటి లీడ్ ఐదు వందల మైళ్ళ లోపలి సరుకును స్థానికమంది. ఆ లెక్కన బేతంచెర్ల రాయి ముంబైకీ స్థానికమే. నాలుగో వెర్షన్ దాన్ని వంద మైళ్ళకు, అంటే 160 కిలోమీటర్లకు కుదించి, ఆ లోపలి సరుకు విలువను రెట్టింపు చేసి లెక్కిస్తామంది. దాంతో హైదరాబాదు ఆ గీతకు అవతల పడింది. కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం లోపలున్నాయి. హైదరాబాదు భవనాలకు లేని వీలు మనకు చేతికందే దూరంలో ఉంది. దాన్ని వదిలేసి ఓడలో వచ్చే బోర్డుకు ఎదురుచూడటం ఏ లెక్కకూ అందని పని.

‘ఎంత చెప్పినా రేటింగు ఇచ్చేవాడికి కాగితం కావాలి కదా’ అంటారు. నిజమే, కావాలి. గాలి పరీక్ష నుంచి రాయికి మినహాయింపు ఉన్నా, తవ్వకం నుంచి రవాణా దాకా పర్యావరణానికి ఎంత భారమో చెప్పే ప్రకటన పత్రం ఉంటే వేరే పాయింట్లకు పనికొస్తుంది. చిన్న ఫ్యాక్టరీ ఒంటరిగా ఆ ఖర్చు భరించలేదు. కానీ నాలుగో వెర్షన్‌లో మొత్తం పరిశ్రమ తరఫున చేయించిన ఉమ్మడి పత్రానికి కూడా సగం విలువ ఇచ్చారు. బేతంచెర్ల ఫ్యాక్టరీల యజమానులు కలిసి ఒక్కసారి ఆ లెక్క తీయిస్తే అందరికీ పనికొస్తుంది. లెక్క తీసేటప్పుడు నీళ్ళూ కరెంటూ వ్యర్థమూ ఎంతో బయటపడక తప్పదు. బయటపడితేనే తగ్గించుకోవాలన్న ఒత్తిడి వస్తుంది. కార్మికుడికి మేలు జరిగే దారి కూడా అదే.

ఓర్వకల్లు పారిశ్రామిక వాడలో, కర్నూలు నంద్యాల కళాశాలల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో రేపు కట్టబోయే భవనాల టెండర్లలో ‘ముద్ర ఉన్న ఫర్నిచర్’ అనే ఒక్క మాట తీసేయండి. దాని బదులు నాలుగు షరతులు రాయండి. అరలూ గట్లూ కూర్చునే బల్లలూ గోడతోపాటే స్థానిక బండతో రావాలి. ఉన్న ఫర్నిచర్‌ను ముందు బాగుచేయాలి, మిగిలిన అవసరానికే కొత్తది కొనాలి. బోర్డు, ఫోము, జిగురు ఉన్న ప్రతిదానికీ పరీక్ష నివేదిక అడగాలి. బండ ఇచ్చే ఫ్యాక్టరీ దుమ్మునూ బురదనూ ఎలా అదుపు చేస్తుందో తనిఖీ చేశాకే సరుకు దించుకోవాలి. ఇవి రాయడానికి ఇంటీరియర్ కంపెనీ అనుమతి అవసరం లేదు. నక్షా గీసే ఇంజనీరూ సంతకం పెట్టే అధికారీ గోడ లేవకముందే ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే చాలు.