పలకల చిత్రమునకు పంక్తిలో చోటు లేదా?

మేము ముప్పది యేండ్లకు పైగా కచేరీలో గుమాస్తా పని చేసి విశ్రాంతి పొందినవారము. మా చదువు మెట్రిక్యులేషన్‌తో ముగిసినది. కళాశాస్త్రమున మాకు పాండిత్యము లేదు. కాని ఆ బల్లవద్ద ఒక్క న్యాయము నేర్చుకొంటిమి. ఎంత బీదవాని అర్జీయైనను త్రోసిపుచ్చదలచినచో, కారణము వ్రాసి క్రింద సంతకము చేయవలయును. కచేరీలో చెల్లని కారణరహిత తిరస్కారము చిత్రప్రదర్శనలలో ఏల చెల్లుచున్నదో తెలియక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా వీధిలో మన తెలుగు కుటుంబపు అమ్మాయి ఒకతె కలదు. తండ్రి ఇండ్లకు పలకలు పరచు మేస్త్రీ. పని ముగిసినచోట మిగిలిన పలకల ముక్కలు, పగిలిన గాజులు, పింగాణీ పెంకులు ఏరి తెచ్చి, రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవుగల సిమెంటు బిళ్లపై ఆమె హొగెనకల్ జలపాతమును కూర్చినది. ధారకు నీలిగాజులు, బండలకు నల్లరాతి చెక్కులు, సుడిలో తిరుగు పుట్టికి ఎర్రపెంకులు. నీటి ముక్కలను చదునుగా అతుకక, ఒక్కొక్కదానిని ఒక్కొక్క వాలున నిలిపినది. ఉదయపుటెండ తగిలినపుడు ఆ నీరు కదలుచున్నట్లే తోచును. ఇది ఆరు నెలల శ్రమ.

దానిని ఒక ప్రాంతీయ ప్రదర్శనకు పంపదలచినది. తొలుత ఛాయాచిత్రము మాత్రము పంపవలెనని నియమము. పంపినది. తిరిగి వచ్చినది ఒక అచ్చుకాగితము: ఎంపిక కాలేదు, అంతే. కారణమడుగగా, ఇది హస్తకళయే గాని లలితకళ కాదని నోటిమాటగా చెప్పిరట. ఆ మాటను కాగితముపై పెట్టుటకు మాత్రము ఎవరికిని చేయి రాలేదు.

ఈ భేదము ఎవరు కల్పించినది? ఇటలీదేశమున రవెన్నా నగరములో సాన్ విటాలే దేవాలయము క్రీ.శ. 547లో ప్రతిష్ఠింపబడినది. అందు జస్టీనియన్ చక్రవర్తి, థియొడోరా రాణి పరివారముతో నిలిచిన చిత్రములు గాజు, రాతి ముక్కల కూర్పులే. ఆ పనివారును ముక్కలను వాలుగా నిలిపి వెలుగును ఆడించినవారే. అంత దూరమేల? హైదరాబాదులోని బాద్షాహీ ఆషుర్‌ఖానాను చూడుడు. 1590 ప్రాంతములలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ మందిరపు గోడలపై రంగుపలకల కూర్పు 1611 నాటిది. 1908 మూసీ వరదలో క్రిందిభాగపు పలకలు చెడిపోగా, ఆ చోట్ల రంగుపూతతో నకలు దిద్దిరి. పలకకును పూతకును గల తారతమ్యము చదువురానివానికిని కనబడును. అచ్చట పలక చిత్రలేఖనమును అనుకరింపలేదు. చిత్రలేఖనమే పలకను అనుకరింపవలసి వచ్చినది.

పారవేసిన ముక్కలు కళకు తగవందురా? చండీగఢ్‌లో నేక్‌చంద్ అను రోడ్ల ఇనస్పెక్టరు, మావంటి చిన్న ఉద్యోగి, 1957 మొదలు ఎవరికిని తెలియకుండ పగిలిన గాజులు, పింగాణీ, పలకల ముక్కలతో ఒక లోకమునే నిర్మించెను. అది బయటపడినపుడు కూల్చివేయవలెనను మాటయు వచ్చినది. కాని 1976లో అదే రాక్ గార్డెన్ ప్రజలకు తెరువబడినది. 1984లో ఆయనకు పద్మశ్రీ లభించినది. తీర్పరుల ముందర ముందుగా నిలిచియుండినచో ఆయనకేమి దక్కియుండునో చదువరులే ఊహింపుడు. చెన్నపట్టణము మెరీనాతీరమున దేవీప్రసాద్ రాయ్ చౌధురి నిర్మించిన శ్రామిక విజయ విగ్రహము 1959 నుండి నిలిచియున్నది. బండను పెకలించు కూలివానిని కంచున పోసిన గౌరవింతురు. ఆ కూలివాని కూతురు అతని చేతిముక్కలతోనే చిత్రము కూర్చిన, పంక్తిలో కూర్చుండనీయరు. ఇదెక్కడి ధర్మము?

ఛాయాచిత్రము మాట. నూనెరంగుల పటము ఛాయాచిత్రమున కొంతవరకు దిగును. పలకల చిత్రము దిగదు. దాని ప్రాణము ముక్కల వాలులోను, చూచువాడు కదలినపుడు మారు మెరుపులోను ఉన్నది. ఛాయాచిత్రము చూచి దానిని తూచుట, పెండ్లిభోజనపు జాబితా చదివి వంట బాగులేదనుట వంటిది.

మరి వస్తువునే పంపుమనిన? ఒక అంగుళము మందముగల ఆ బిళ్ల బరువే 30 కిలోలు దాటును. ధర్మపురి నుండి చెన్నపట్టణము సుమారు 300 కిలోమీటర్లు. రానుపోను బాడుగ, పెట్టె, కూలి అన్నియు మేస్త్రీ కుటుంబమే భరింపవలెను. చుట్టి చంకన పెట్టుకొని పోగల పటమునకును దీనికిని ఒకే నియమము పెట్టుట సమానత్వముగా కనబడును గాని సమానత్వము కాదు.

పెంకులు అతికిన ప్రతిదియు కళయని మేము వాదించుట లేదు. క్యాలెండరు నెమలిని నకలు చేసి పూజగది గోడకు అతికినదానిని తీర్పరులు త్రోసివేసిన మేమును చేయి కలుపుదుము. జాలి కోరుటలేదు; చూచి, కారణము చెప్పుమనుచున్నాము. తీర్పరులు పొరబడరా? 1863లో పారిస్ తీర్పరులు తిరస్కరించిన పటములకై నెపోలియన్ III వేరొక ప్రదర్శన పెట్టించెను. అందు జనులు పరిహసించిన మానే చిత్రము నేడు ఆ నగరపు ఓర్సే ప్రదర్శనశాలలో గౌరవముతో వ్రేలాడుచున్నది.

ఇక మన తప్పు. ఈ ఊర తరతరములుగా ఉన్న తెలుగువారము ఏటేట ఉగాదిసభ చేయుదుము. పాటకు బహుమతి, ఆటకు బహుమతి, పద్యమునకు శాలువా. చేతిపనికి మాత్రము చప్పట్లైనను లేవు. ఆ అమ్మాయి బిళ్లను చూచిన మనవారిలో ఒకరు, "మేస్త్రీ బిడ్డ గదా, వేరేమి చేయును?" అనిరి. తీర్పరులు అచ్చుకాగితమున పంపినది, మనము నోటితో పలికినది ఒక్కటే. తెల్లవారక మునుపే వాకిట చుక్కలు పెట్టి గీత తప్పక ముగ్గు కలుపు తల్లుల బిడ్డలము. ముక్కకు ముక్క చేర్చి రూపము తెచ్చు విద్య మనకు పరాయిదా?

కావున ప్రదర్శనలవారికి మా కోరిక మూడు మాటలు. పలకల చిత్రములను నేరుగా చూడుడు; వీలులేనిచో జిల్లాకే ఒకరిని పంపుడు. తిరస్కరించినచో రెండు పంక్తులలో కారణము వ్రాయుడు. తీర్పరులలో ఆ పని చేతితో చేసినవారు ఒకరైనను ఉండవలెను.

మన సంఘమునకు కోరిక ఒక్కటే. రానున్న ఉగాదికి సభామంటపమున తూర్పుగోడ ఒకటి విడువుడు. ఉదయపుటెండ పడుచోట ఆ హొగెనకల్లును నిలుపుదము. నీరు కదలుచున్నదో లేదో అందరమును వచ్చి చూతము. అటుపిమ్మట అది కళ కాదను వారెవరైనను ఉన్నచో, కారణము వ్రాసి క్రింద సంతకము చేయవలెనని మా మనవి.