లాగ్‌బుక్కులోని కేసు, చేతిలోని విద్య

మూడేండ్ల ఎం.ఎస్. చదువు ముగించి పరీక్షకు నిలిచిన యువశస్త్రవైద్యుని లాగ్‌బుక్కు తెఱచి చూచినచో, అందులో ప్రతి ఆపరేషనుకు ఎదురుగా, అతడు దానిని ప్రక్కన నిలిచి చూచెనా, సహాయకుడుగా చేయి కలిపెనా, పెద్దల పర్యవేక్షణలో తానే చేసెనా, స్వతంత్రముగా నిర్వహించెనా యని తెలుపు ఒక చిన్న గుర్తు కానవచ్చును. పరీక్షాధికారి సంతకములున్నవో లేవో చూచి పుట త్రిప్పును. రేపు ఆ వైద్యుని చేతికి తన కడుపు నప్పగింపనున్న రోగికి కావలసిన సమాచారమంతయు ఆ గుర్తులోనే యున్నది. పెద్దప్రేగు, మలాశయముల శస్త్రచికిత్సకు సంబంధించినంతవరకు, మన శిక్షణలోని ప్రధానలోపము ఈ గుర్తును తేలికగా చూచుటయే యని నా దృఢాభిప్రాయము.

మలాశయమున్న చోటే అట్టిది. ఎముకల గిన్నెవంటి కటివలయములో, వెనుక త్రికాస్థి, ముందు మూత్రాశయమో గర్భాశయమో అడ్డుగా నుండగా, ఈ అవయవము లోతున ఒదిగియుండును. దానిని చుట్టియున్న క్రొవ్వుపొరకును కటివలయపు గోడకును నడుమ సాలెగూటి దారములవంటి పలుచని కణజాలమొకటి కలదు. మలాశయమును సరియైన బిగువుతో ముందుకు లాగి పట్టినప్పుడే ఆ దారములు తెల్లగా సాగి కంటికి గోచరించును. అచ్చట కోసినచో నెత్తురు దాదాపు కారదు. వెండ్రుకవాసి లోపలికి పోయినచో కాన్సరు మిగిలిపోవచ్చును. వెలుపలికి పోయినచో మూత్రవిసర్జనను, దాంపత్యజీవనమును నడిపించు నరములు తెగవచ్చును, త్రికాస్థిమీది సిరలు చిట్లి రక్తము పొంగవచ్చును. ఇంత జరుగుచుండగా, రిట్రాక్టరు పట్టుకొని గంటలకొలది నిలిచిన పీజీ విద్యార్థికి తఱచుగా కనబడునది ప్రొఫెసరుగారి ముంజేయి, దానిపై పడు దీపపు వెలుగు మాత్రమే. ఎంత బిగువుతో లాగవలెనో, ఎచ్చట ఆగవలెనో చేయి నేర్చుకొనవలసిన సంగతి. ఇరువది ఆపరేషన్లకు సాయపడినవాడు, గురువు ఎదుట ఒక్కదానిని తన చేతితో చేసినవానితో సమానుడు కాడు.

చేతికి నేర్పిన విద్య రోగి ప్రాణముపై నెంత ప్రభావము చూపునో స్టాక్‌హోము అనుభవము వలన తెలియును. 1908లో ఎర్నెస్టు మైల్సు వర్ణించిన పద్ధతి ననుసరించి, మలాశయముతోబాటు గుదమునుగూడ తొలగించి, పొట్టమీద శాశ్వతముగా మలసంచి యమర్చుట చాలకాలము ఆచారముగా నుండెను. ఇంగ్లండులోని బేసింగ్‌స్టోకు అను చిన్న పట్టణపు ఆసుపత్రిలో పనిచేసిన బిల్ హీల్డు, మలాశయమును చుట్టియున్న క్రొవ్వుపొరను చిరుగనీయక సంపూర్ణముగా వెలికితీయవలెనని 1982లో ప్రకటించి, పిమ్మట దేశదేశములు తిరిగి ఆ విద్యను స్వయముగా ఆపరేషన్లు చేసి చూపుచు బోధించెను. 1990ల నడుమ స్టాక్‌హోము ప్రాంతపు శస్త్రవైద్యులు అట్టి శిక్షణాశిబిరములలో నేర్చుకొనిరి. అదే ప్రాంతమున అంతకుముందు జరిగిన రెండు అధ్యయనములలో రెండేండ్లలోపల కాన్సరు అదే చోట మరల తలయెత్తుట 15, 14 శాతముగా నుండగా, శిక్షణానంతరము అది 6 శాతమునకు దిగెను. గుదమును తొలగింపవలసివచ్చిన రోగులు 60, 55 శాతములనుండి 27 శాతమునకు తగ్గిరి. ఈ మార్పునకు మూలము క్రొత్త మందేదియు కాదు, అప్పటికే అనుభవజ్ఞులైన పెద్ద వైద్యులు మరల శిష్యులై బల్లయొద్ద నిలుచుట!

అమెరికాలో ఈ విషయమున లెక్క కచ్చితముగా నుండును. అచ్చట ఐదేండ్ల జనరల్ సర్జరీ శిక్షణ ముగియులోపల రెసిడెంటు 850 పెద్ద ఆపరేషన్లు చేయవలెను. వానిలో 200 చివరియేట చేయవలెను. మొదటి సహాయకుడుగా నిలిచినది ఆ లెక్కకు రాదు. రోగనిర్ణయములో, ఆపరేషను ఎంపికలో పాల్గొని, అందలి కీలకభాగములను స్వయముగా చేసి, తరువాతి సంరక్షణనుగూడ చూచినప్పుడే అది అతని కేసగును. ఇంతటి సంఖ్య చేసినవాడును మలాశయ శస్త్రచికిత్సలో ప్రత్యేకనిపుణుడు కాగోరినచో ఇంకొక యేడు చదువవలెను. సంఖ్య మాత్రమే చాలదని అచ్చటి పెద్దలు గ్రహించి, 2023 నుండి, ఏయే పనిని ఎంతమేరకు పర్యవేక్షణ లేకుండ అప్పగింపవచ్చునో విడివిడిగా నిర్ణయించు పద్ధతిని ప్రవేశపెట్టిరి.

మన పెద్ద ప్రభుత్వాసుపత్రులలో పీజీ విద్యార్థికి కేసుల కొఱతయని చెప్పజాలము. మొలలు, భగందరము, గుదముచుట్టు చీముగడ్డలు, అర్ధరాత్రివేళ మెలిపడిన పెద్దప్రేగు, చిల్లుపడిన ప్రేగు, అత్యవసరముగా పెట్టిన కొలాస్టమీ, ఇవన్నియు వానికి డ్యూటీలోనే లభించును. ఇవి చిన్న పనులని యెవ్వరును చిన్నచూపు చూడరాదు. భగందరమును కోయుటలో గుదమును బిగించు కండరము అధికముగా తెగినచో రోగి జీవితాంతము మలమును నిలుపుకొనలేక నలుగురిలోనికి రాలేని దుఃస్థితి యేర్పడును. మొలలకు, భగందరమునకు వేర్వేరుగా చికిత్సలు చెప్పిన సుశ్రుతుడు, శాస్త్రమెంత చదివినను అభ్యాసము చేయనివాడు కర్మకు తగడని తలచి, సొరకాయ, దోసకాయలమీద కోతను, బురదనీరు నింపిన తోలుసంచులమీద చీల్చుటను, బొమ్మమీద కట్టుకట్టుటను శిష్యునిచేత చేయింపవలెనని విధించెను. రోగిని తాకుటకు ముందు కృత్రిమ నమూనాలైన సిమ్యులేటరులమీద సాధన చేయవలెనని నేడు మనము చెప్పుకొను వాదమునందలి భావమిదియే.

కొఱత యున్నది మలాశయపు కాన్సరు విషయమున. మన దేశమున పెద్దప్రేగు, మలాశయముల కాన్సరు పాశ్చాత్యదేశములకన్న తక్కువ. వచ్చిన రోగులును కాన్సరు ఆసుపత్రులకో, ఎం.సిహెచ్. విభాగములకో సహజముగానే పోవుదురు. 2007లో పేదల చికిత్సకు ప్రభుత్వమే వ్యయము భరించు ఆరోగ్యశ్రీ పథకము ఆరంభమైన పిమ్మట పేదరోగికి కార్పొరేటు ఆసుపత్రి తలుపులు తెఱువబడినవి. రోగికది నిశ్చయముగా మేలే. కాని రోగితోబాటు పాఠమును అచ్చటికే తరలిపోవుచున్నది, విద్యార్థి మాత్రము పాతచోటనే నిలిచియున్నాడు. ఏ జిల్లా ఆసుపత్రిలోనో ఉద్యోగము లభించిన నాడు, మలాశయములో గడ్డతో వచ్చిన రోగి యెదుట అతడు నిలిచినప్పుడు, ఎవరికి పంపవలెనో తెలియుటయు నైపుణ్యమే. ఆ వివేకమైనను అట్టి కేసులను దగ్గఱగా చూచినవానికే కలుగును.

కావున ఆరోగ్య విశ్వవిద్యాలయములును, జాతీయ వైద్య కమిషనును లాగ్‌బుక్కును భాగములవారీగా నమోదుచేయు పత్రముగా మార్చవలెను: ప్రేగును విడదీసినదెవరు, రక్తనాళమును కట్టినదెవరు, కటివలయములో దిగినదెవరు, అతుకు వేసినదెవరు? ప్రభుత్వ ధనముతో ఆపరేషన్లు చేయు నెట్‌వర్కు ఆసుపత్రులలో పీజీ విద్యార్థులకు కొన్ని నెలల శిక్షణ తప్పనిసరి చేయవలెను. పరీక్షాధికారులు సంతకము లెక్కింపక, ఆ కేసులో నీవు ఎచ్చటివరకు చేసితివి, ఎచ్చట ఆగితివి యని అడుగవలెను. మలాశయపు ఆపరేషను చేయించుకొనవలసిన పాఠకులును, ఈ యేడాది ఇట్టివి మీ చేతితో ఎన్ని చేసితిరి యని తమ వైద్యుని అడుగుటకు సంకోచింపనక్కఱలేదు. అట్లడుగుట రోగికిగల హక్కు.